వార్డులో ఉన్నదెవరు?

పెద్దాసుపత్రుల్లో రోజూ అర్ధరాత్రి పన్నెండింటికి ఒక లెక్క తీస్తారు. ఏ వార్డులో ఎన్ని మంచాలు నిండాయి, ఎన్ని ఖాళీగా ఉన్నాయి అని. మిడ్‌నైట్ సెన్సస్ అంటారు దాన్ని. పైవాళ్లకు నివేదిక పంపడానికి అది బాగానే పనికొస్తుంది. ఆ వార్డులో సిస్టర్లకు ఎంత పని ఉందో మాత్రం చెప్పదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. రెండు వార్డులు, చెరి ముప్పై మంచాలు, నెలంతా నిండుగానే ఉన్నాయి. మొదటి వార్డు నుంచి ఆ నెలలో 90 మంది ఇంటికి వెళ్లారు. అంటే మనిషికి సగటున 10 రోజులు. రెండో వార్డు నుంచి 300 మంది వెళ్లారు, సగటున 3 రోజులు. అర్ధరాత్రి లెక్కలో రెండూ ఒకటే. పగలు చూస్తే మొదటిదాంట్లో రోజుకు ముగ్గురు వెళ్తే ముగ్గురొస్తారు, రెండోదాంట్లో పదిమంది వెళ్తే పదిమందొస్తారు. వచ్చిన ప్రతివాళ్లకూ కేస్ షీట్ తెరవాలి, బీపీ, పల్స్ చూడాలి, రక్తం తీసి ల్యాబుకు పంపాలి. వెళ్లేవాళ్లకు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పాలి. సగటులోనూ ఓ తిరకాసు ఉంది. తొమ్మిదిమంది మూడేసి రోజులుండి, పక్షవాతం వచ్చిన పెద్దాయన ఒక్కడు 60 రోజులుంటే సగటు 8.7కు చేరుతుంది. అన్ని రోజులున్న రోగి ఆ పదిమందిలో ఒక్కడూ లేడు!

వార్డులో ఉన్నదెవరో ముందు తెలియాలని పట్టుబట్టిన మనిషి ఫ్లోరెన్స్ నైటింగేల్. మనం ఆమెను చేతిలో దీపంతోనే గుర్తుపెట్టుకున్నాం గానీ, ఆమె అసలు ఆయుధం అంకెలు. క్రిమియా యుద్ధకాలంలో, 1854 నవంబరులో, 38 మంది స్త్రీలను వెంటబెట్టుకుని టర్కీలోని స్కుటారి సైనికాసుపత్రికి చేరింది. అక్కడ సిపాయిల ప్రాణాలు ఎక్కువగా తీస్తున్నవి తూటాలు కావు. కలరా, టైఫస్, విరేచనాలు. 1855 మార్చిలో శానిటరీ కమిషన్ వచ్చి మురుగు బాగుచేయించి, గాలి ఆడేలా చేశాక మరణాలు బాగా తగ్గాయి. 1858లో ఆమె ఆ లెక్కలను రంగుల చక్రాలుగా గీయించింది. నివారించగల జబ్బులతో పోయినవాళ్లకు నీలం, గాయాలతో పోయినవాళ్లకు ఎరుపు, మిగతా కారణాలకు నలుపు. నీలం పక్కన ఎరుపు చిన్నబోయింది. గాయపడ్డవాళ్ల ఆసుపత్రి అనుకున్నది నిజానికి అంటురోగుల ఆసుపత్రి.

ఇప్పుడు మన జిల్లా ఆసుపత్రిలో, వానాకాలం నాటి మగవాళ్ల మెడికల్ వార్డును ఊహించుకోండి. ఒక మంచం మీద డెంగీ కుర్రాడు. జ్వరం తగ్గింది, ఇంటికి పంపేయమంటున్నాడు. డెంగీలో అసలు ప్రమాదం సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. సన్నని రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారి బీపీ పడిపోవచ్చు. పక్క మంచం మీద పురుగుమందు తాగిన రైతు. అట్రోపిన్ ఇస్తూ కంటిపాపలూ, చెమటా, ఊపిరీ చూస్తూండాలి. తేరుకున్నాడనుకున్నాక కూడా, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య కండరాలు సడలి ఊపిరి ఆగే ముప్పుంది. అందుకే తెలిసిన సిస్టర్ అతన్ని దిండు మీంచి తల ఎత్తమని అడుగుతుంది. ఎత్తలేకపోతే వెంటనే డాక్టరును పిలుస్తుంది. ఆ తర్వాతి మంచం మీద పక్షవాతం మనిషి. మింగగలడో లేదో చూడకుండా నోట్లో నీళ్లు పోయకూడదు, గంటల తరబడి ఒకే వైపు పడుకోనివ్వకూడదు. సెన్సస్‌లో వీళ్లు ముగ్గురు, అంతే.

జబ్బు పేరు తెలిసినంత మాత్రాన మనిషి తెలిసినట్టు కాదు. ఎముకల వార్డులో కాలు విరిగి చేరినవాడు మూడో రోజు రాత్రి చేతులు వణుకుతూ, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటూ సెలైన్ పీకేసుకుంటాడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుంటారు. రోజూ తాగే మనిషికి తాగుడు ఒక్కసారిగా ఆగిపోతే రెండు నుంచి నాలుగు రోజుల్లో వచ్చే స్థితి అది. సకాలంలో చూడకపోతే ప్రాణం తీస్తుంది. చేరిన రోజే ఈ అలవాటు సంగతి నమోదై ఉంటే ముందే మందులు మొదలుపెట్టవచ్చు. కేస్ షీట్ మీద మాత్రం 'తొడ ఎముక విరిగింది' అనే ఉంటుంది.

ఈ తేడాలను కొలవడానికి కొలబద్దలు లేకపోలేదు. స్పృహను కొలిచే గ్లాస్గో కోమా స్కేల్ 1974లో వచ్చింది. పడకపుండ్ల ముప్పును అంచనా వేసే బ్రాడెన్ స్కేల్ 1987లో ప్రచురితమైంది. స్పర్శ, తడి, నడక, కదలిక, తిండి, ఒరిపిడి అని ఆరు అంశాలు చూస్తుంది. మార్కులు తగ్గేకొద్దీ ముప్పు పెరుగుతుంది. మంచి సాధనమే. కానీ మన వార్డుల్లో పక్క తిప్పేదీ, తినిపించేదీ, బెడ్‌పాన్ పెట్టేదీ చాలావరకు రోగి వెంట వచ్చిన భార్యో, కొడుకో. ఎవరూ తోడులేని రోగికి ఆ పనంతా సిస్టర్ మీదే పడుతుంది. ఆ స్కేలులో దీనికి గడి లేదు. ఉట్నూరు వైపు గోండీ, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే ముసలమ్మ నొప్పి ఎక్కడో చెప్పలేకపోతే దానికీ గడి లేదు. మన కాగితాల్లో ఈ రెండూ చేర్చాలని నా అభిప్రాయం.

నర్సుల సంఖ్యకు ప్రమాణాలున్నాయి. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒకరు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెబుతుంది. సంఖ్య చిన్న విషయమేమీ కాదు. పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులను పరిశీలించి, నర్సు చూసే రోగి ఒక్కరు పెరిగినా, ఆపరేషన్ అయినవాళ్లు 30 రోజుల్లో చనిపోయే ముప్పు 7 శాతం పెరుగుతోందని తేల్చింది. రోగుల వయసు, జబ్బుల తేడాలను సరిచూసుకున్నాకే ఆ మాట చెప్పగలిగారు. ఎవరెవరున్నారో తెలియకుండా ఎంతమంది నర్సులు కావాలో చెప్పడం కుదరదు.

మీవాళ్లను ఆసుపత్రిలో చేర్చినప్పుడు సిస్టర్ అడిగే ప్రశ్నలకు విసుక్కోకండి. వాడుతున్న మాత్రలు, పడని మందులు, రాత్రి తోడు ఎవరుంటారన్నది, అన్నీ చెప్పండి. పరువు పోతుందని తాగుడు సంగతి మాత్రం దాచకండి.