వాలై చేపా, చేతితో చేసిన ఎరా

మీనాక్షి అన్నా, మీనలోచన అన్నా మన కవులకు చేప కన్ను అంటే అందమే. అసలు పేరులోనే కన్ను పెట్టుకున్న చేప ఒకటి అమెరికా ఉత్తరపు కొసనా, కెనడాలోనూ ఉన్నది. దాన్ని వాలై అంటారు. ఆ పేరు వినగానే మన వాలుగ చేపా, వాలుగంటీ గుర్తుకు వస్తారు గాని, వీటికి చుట్టరికం ఏమీ లేదు. వాలుగ మీసాల చేప. ఇది పర్చ్ కుటుంబంలోది; ముళ్ళ రెక్క, బంగారు ఛాయ ఒళ్ళు, నోటినిండా కోరపళ్ళు. తెల్లగా మెరుస్తూ పక్కకు తిరిగినట్టుండే కన్నును ఇంగ్లీషులో ఆ మాటతో పిలుస్తారు. అటువంటి కంటితో నాయికను పోల్చటానికి ఏ ప్రబంధకవీ సాహసించడు!

కాని ఆ కన్ను చాలా గొప్ప కన్ను. దాని వెనుక అద్దం వంటి పొర ఒకటి ఉంటుంది. లోపలికి వచ్చిన వెలుగును ఆ పొర వెనక్కు కొట్టి, కంటిచేత రెండోసారి చూపిస్తుంది. రాత్రివేళ పిల్లి కళ్ళు వెలగటానికి కారణమూ ఇటువంటి పొరే. అందుచేత మసక వెలుతురులో వాలైకి చిన్న చేపలు కనబడతాయి గాని, ఆ చిన్న చేపలకు వాలై సరిగా కనబడదు. మిట్టమధ్యాహ్నపు ఎండ దానికి గిట్టదు. తెల్లవారుజాము, మునిమాపు, మబ్బు పట్టిన రోజు, గాలికి నీళ్ళు కలబారిన పూట — ఇవి దాని వేట సమయాలు. గాలి లేస్తే మనం పడవ ఒడ్డుకు లాగుతాం. వాలై పట్టేవాడు అప్పుడే పడవ దింపుతాడు.

2016 వేసవి సెలవులలో నేను మిన్నెసోటా రాష్ట్రంలో మా అక్కయ్య ఇంట్లో ఉన్నాను. మిన్నియాపొలిస్ నగరం పక్కనే వాళ్ళ ఊరు. ఆ రాష్ట్రాన్ని పదివేల సరస్సుల సీమ అని గొప్పగా చెప్పుకుంటారు. నిజానికి పది ఎకరాలకు తగ్గనివి లెక్కపెడితే 11,842 ఉన్నాయట. గొప్ప చెప్పుకునేటప్పుడు లెక్క తగ్గించి చెప్పిన జనాన్ని నేను అక్కడే చూశాను. 1965 నుంచి వాలై ఆ రాష్ట్రానికి అధికార చేప. మే నెల నడుమ ఒక శనివారం వాలై వేట తెరుస్తారు. ఆనాడు అక్కడ మన సంక్రాంతినాటి కోడిపందేల హడావుడి ఉంటుందని మా బావగారు చెప్పారు.

అక్కయ్యగారి పొరుగింటాయనకు డెబ్భై దాటాయి. వడ్రంగం చేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. భార్య పోయింది, పిల్లలు దూరాన ఉన్నారు. కారు షెడ్డులో కారు ఆరుబయట ఉండేది. లోపలంతా బల్లలు, పట్టుకారులు, రంగు సీసాలు, లేడి తోకలు! నేను కాలేజీలో పాఠం చెబుతానని తెలిసి నన్ను "ప్రొఫెసర్" అని పిలిచేవాడు. లెక్చరర్నేనని రెండుసార్లు చెప్పి, మూడోసారి ఊరుకున్నాను.

ఆయన చేసేది దొంగ ఎరలు. మా కృష్ణాజిల్లాలో వానపామును ఎర్ర అంటారు. గాలానికి గుచ్చితే అదే ఎర. ఆ ఎర ఎంత నిజమో ఈ ఎర అంత అబద్ధం. దీనిలో తినేది ఏమీ లేదు. లోహమూ, వెంట్రుకా, రంగూ కలిసి, నీళ్ళలో ఒక్క క్షణం చేపపిల్లలా కనబడాలి. వాలై ఎరలలో ముఖ్యమైనదాన్ని జిగ్గు అంటారు. గాలపు ముల్లు మెడ దగ్గర బఠాణీగింజంత లోహపు తల, దాని వెనుక వెంట్రుకల కుచ్చు. అంతే వస్తువు.

చేసే పని మాత్రం అంత చిన్నది కాదు. రెండు చెక్కలుగా తెరుచుకునే అల్యూమినియం అచ్చులో ముల్లు పడుకోబెట్టి, మూసి, పైనున్న కంతలోంచి కరిగిన లోహం గరిటెతో పోస్తాడు. నాలుగు అంకెలు లెక్కపెట్టేసరికి గట్టిపడుతుంది. తెరిచి, అదనంగా మిగిలిన తోక కత్తిరించి, ఆకురాయి పెడతాడు. ఆ తలను మంటమీద కొద్దిగా వేడిచేసి రంగుపొడిలో తిప్పితే పొడి కరిగి పట్టుకుంటుంది. తరువాత పొయ్యిలో పెట్టి కాల్చాలి. నిమ్మపండు పచ్చ, నారింజ, బంగారు రంగు — ఈ మూడూ వాలైకి ఇష్టమని ఆయన సిద్ధాంతం. చివరకు ముల్లును పట్టుకారుకు బిగించి, రంగువేసిన లేడితోక వెంట్రుకలు చిటికెడు తీసుకుని, పట్టుదారంతో చుడతాడు. వెంట్రుకలు ఎక్కువైతే ఎర బరువుగా కదులుతుంది, తక్కువైతే కదలనే కదలదు. ఆ చిటికెడు ఎంతో ఆయన వేళ్ళకు తెలుసు, నోటితో చెప్పలేకపోయాడు. మా అమ్మమ్మను పులుసులో ఉప్పెంత అని అడిగితే ఇంతే.

కొయ్యతో చేసే ఎరలు వేరే. తేలిక చెక్కను చేపపిల్ల ఆకారంలో చెక్కి, గడ్డం కింద చిన్న రేకు నాలుక అమరుస్తారు. దారం లాగినప్పుడు ఆ నాలుకకు నీరు తగిలి ఎర మునుగుతుంది, ఒళ్ళు అటూ ఇటూ ఊపుతుంది. ఈ విద్యలో పేరు మోసినవాడు ఫిన్లాండు దేశపు బీద జాలరి లౌరి రాపలా. పెద్ద చేప వందల చేపపిల్లల గుంపులోకి దూసుకువచ్చి, అన్నిటినీ వదిలి, వంకరగా ఈదుతున్న ఒక్కదాన్నే పట్టటం ఆయన కనిపెట్టాడు. 1936లో చెప్పులు కుట్టేవాడి కత్తితో బెండు చెక్కి, చాక్లెట్ల మీది తళతళలాడే కాగితం చుట్టి, ఫోటో నెగెటివులు కరిగించి పైన పూత పూసి, అట్లా కుంటుతూ ఈదే ఎర తయారుచేశాడు. 1962 ఆగస్టులో లైఫ్ పత్రిక ఆ ఎరను గురించి వ్యాసం వేసింది. సరిగ్గా అదే సంచిక ముఖచిత్రం, ఆ నెలలోనే చనిపోయిన మార్లిన్ మన్రోది. సంచిక ఇంటింటికీ చేరింది, దాంతోపాటు ఎర కథా చేరింది. సినిమాతార మరణం ఒక జాలరికి అదృష్టం తెచ్చిపెట్టటం లోకంలో అరుదు. తరువాతి రోజులలో బెండు పోయి బాల్సా కర్ర వచ్చింది. మా ముసలాయన ఆ కర్ర ముక్క నా చేతిలో పెట్టినప్పుడు, కొండపల్లి బొమ్మలకు వాడే పొణికి కర్ర పట్టుకున్నట్టే అనిపించింది.

జిగ్గు తల పోసే లోహమని అన్నాను గదా, అది తరతరాలుగా సీసం. చవక, బరువు, వంటింటి పొయ్యిమీద కరిగేది. ఆయన కూడా నలభైఏళ్ళు సీసమే పోశాడు.

ఆ సరస్సుల మీద లూన్ అని ఒక నీటిపక్షి ఉంటుంది. నల్లటి తల, వీపుమీద ముగ్గు పెట్టినట్టు తెల్లచుక్కలు, ఎర్రటి కళ్ళు. పిల్లలను వీపుమీద ఎక్కించుకుని ఈదుతుంది. రాత్రిపూట దాని కూత వింటే ఒక్కోసారి నవ్వులా, ఒక్కోసారి ఏడుపులా ఉంటుంది. 1961 నుంచి అది మిన్నెసోటా అధికార పక్షి. అలాస్కా తప్పిస్తే అమెరికాలో మరే రాష్ట్రంలోనూ అన్ని లూన్‌లు లేవు. పక్షికి పళ్ళు లేవు గనుక, తిన్న తిండి నలగటానికి సరస్సు అడుగున గులకరాళ్ళు ఏరి మింగుతుంది. తెగిపోయి అడుగున పడిన జిగ్గు దాని కంటికి గులకరాయే. ఒక్కొక్కప్పుడు, తెగిన గాలం నోట ఉన్న చేపనే మింగుతుంది. కడుపులో రాళ్ళ మధ్య సీసం అరిగి రక్తంలో కలుస్తుంది. ఒక్క జిగ్గు చాలు. కొద్దివారాలలో పక్షి ఎగరలేక, తినలేక చచ్చిపోతుంది.

ముసలాయన బల్లమీద గోడకు ఒక బొమ్మ అంటించి ఉంది. పత్రికలోంచి కత్తిరించిన ఎక్స్‌రే బొమ్మ. పక్షి పొట్టలో గులకరాళ్ళు మసకగానూ, వాటి నడుమ ముల్లుతో సహా జిగ్గు తెల్లగానూ కనబడుతున్నాయి.

"ఇది ఎవరు పోసిన జిగ్గో చెప్పటానికి లేదు, ప్రొఫెసర్. నలభైఏళ్ళలో నేను పోగొట్టినవి కొన్ని వందలుంటాయి" అన్నాడు.

ఆ బొమ్మ చూసిన వారంలోనే సీసం దిమ్మెలన్నీ కట్టగట్టి, ప్రమాదకరమైన చెత్త తీసుకునేచోట అప్పగించి వచ్చాడట. ఎవరూ బలవంతపెట్టలేదు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో 2016 నుంచి ఔన్సు, అంతకు తక్కువ తూగే సీసపు జిగ్గుల అమ్మకమూ వాడకమూ నిషేధమే గాని, మిన్నెసోటాలో అప్పటికి అటువంటి చట్టం లేదు; ప్రభుత్వం నచ్చచెప్పేది మాత్రమే.

సీసం మానటమంటే పని మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవటమే. టంగ్‌స్టన్ సీసంకన్నా బరువైనదే గాని, బల్బులో తీగగా వెలిగే ఆ లోహాన్ని ఇంట్లో కరిగించటం ఎవరి తరమూ కాదు. మిగిలినవి తగరం, బిస్మత్. తగరమంటే మన ఇత్తడి గిన్నెలకు కళాయి పోసే లోహమే. సీసం 327 డిగ్రీల దగ్గర కరిగితే తగరం 232 దగ్గరే కరుగుతుంది, ఆ చిక్కు లేదు. కాని అంతే తలకు సీసం బరువులో మూడింట రెండువంతులే తూగుతుంది. బరువు సరిపెడదామంటే తల పెద్దదవుతుంది. తల పెద్దదయితే నీళ్ళలో నిదానంగా దిగుతుంది. అచ్చులు మార్చాడు, ముళ్ళు మార్చాడు, వెంట్రుకలు తగ్గించాడు. తన చేతికి పాత తూకం రావటానికి రెండేళ్ళు పట్టిందన్నాడు. ఇటువంటి పట్టుదలను మనం పెద్ద పెద్ద త్యాగాల జాబితాలో వెయ్యం. వెయ్యాలని నాకు తోస్తుంది.

జూన్ నెలలో ఒక సాయంత్రం మమ్మల్ని మిల్ లాక్స్ సరస్సుకు తీసుకువెళ్ళాడు. మిన్నియాపొలిస్‌కు ఉత్తరంగా నూరు మైళ్ళు. ఆ పేరుకు ఫ్రెంచిలో వెయ్యి సరస్సులని అర్థమట. ఉన్నది ఒక్కటే సరస్సు. విస్తీర్ణం 200 చదరపు మైళ్ళ పైచిలుకు, అంటే మన కొల్లేటి అభయారణ్యానికి ఒకటిన్నర రెట్ల పైమాటే. లోతు మాత్రం ఎక్కడా 42 అడుగులు దాటదు. వాలై వేటకు పెట్టింది పేరు.

ఆ ఏడు అక్కడి నిబంధన విచిత్రమైనది. వాలైని పట్టవచ్చు, ఇంటికి తీసుకుపోరాదు. పట్టినదాన్ని పట్టినట్టే వదలాలి. పైగా వాలైకి బతికున్న ఎర వెయ్యరాదు, దొంగ ఎరలే వాడాలి. అంతకు ముందు ఏడు, 2015 ఆగస్టులో, చేపలు తగ్గిపోయాయని సీజను నడుమనే పట్టుకుపోవటం ఆపేశారు. ఎందుకు తగ్గాయంటే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. పిల్లలు పుడుతున్నాయి గాని పెరిగి పెద్దవి కావటం లేదన్నారు శాస్త్రజ్ఞులు. 2005లో ఆ సరస్సులో జీబ్రా ఆల్చిప్పలు కనబడ్డాయి, పరదేశపు ప్రాణి. అవి నీటిని వడగట్టి తేటపరుస్తాయి. తేటనీరు మనకు ముద్దు, వెలుగంటే పడని వాలైకి కాదు.

కొందరు తెల్లవాళ్ళు మాత్రం నేరం ఒజిబ్వే ఆదివాసుల వలలమీద మోపుతారు. ఒజిబ్వేలు 1837 ఒడంబడికలో భూమి ఇచ్చేశారు గాని, ఆ భూమిమీద వేటాడే హక్కూ, చేపలు పట్టే హక్కూ ఉంచుకున్నారు. ఆ హక్కు చెల్లుతుందని 1999లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పు చెప్పింది. అప్పటినుంచి ఏటా ఎంత పట్టవచ్చో లెక్కగట్టి రాష్ట్రమూ ఆదివాసులూ పంచుకుంటారు. పడవలో ఈ మాట వచ్చినప్పుడు ముసలాయన, "మాట ఇచ్చి భూమి తీసుకున్నాం. భూమి ఉంచుకుని మాట తిరిగి పుచ్చుకుంటామంటే ఎట్లా?" అన్నాడు. నాకూ అంతకన్నా చెప్పటానికి ఏమీ లేదు.

ఎనిమిది దాటాక గాలి లేచింది. నేను ఒకరోజు లైసెన్సు కొనుక్కున్నాను. జిగ్గు అడుగుకు దిగేదాకా వదలాలి. అడుగు తగలగానే ఒక జానెడు ఎత్తాలి, మళ్ళీ పడనివ్వాలి. ఎత్తినప్పుడు కాదట, పడేటప్పుడు కొరుకుతుంది వాలై. అదీ గుంజటం కాదు. గోటితో దారం మీటినట్టు చిన్న టిక్కు. గంటసేపటికి నా దారం మీద ఆ టిక్కు వినబడింది — వినబడిందనే అనాలి, వేలికి తెలిసిందనటంకన్నా. మా బావగారు వల పట్టారు. ఇరవై అంగుళాల చేప. పడవ దీపం కాంతికి దాని కన్ను పాలరంగు నిప్పుకణంలా వెలిగింది. ముసలాయన చెయ్యి ముందు నీళ్ళలో తడుపుకుని, చేపను నీటి అంచునే పట్టుకుని ముల్లు విప్పాడు. ముల్లుకుండే కొక్కెం ఆయన ముందే నొక్కి చదును చేశాడు గనుక సుళువుగా వచ్చింది. చేప ఒక్కక్షణం అక్కడే నిలిచి, తోక విదిలించి అడుక్కు పోయింది. దూరాన ఎక్కడో లూన్ కూసింది. ముసలాయన జిగ్గును చొక్కాకు తుడిచి డబ్బాలో పెట్టాడు.

2019లో ఆ సరస్సులో కొన్నాళ్ళు రోజుకు ఒక చేప తీసుకుపోనిచ్చారు. అదైనా 21, 23 అంగుళాల మధ్యదో, 28 దాటినదో అయి ఉండాలి. ముసలాయన స్కేలు పట్టుకుని కొలిచిన ఫోటోను మా అక్కయ్య నాకు పంపింది.

నా ప్రయాణానికి రెండురోజుల ముందు, ఆయన వేరే సరస్సునుంచి మూడు వాలైలు తెచ్చి ఇచ్చాడు. అక్కడ అప్పట్లో ఆరు తెచ్చుకోవచ్చు. వాళ్ళు ముళ్ళు తీసి పిండిలో ముంచి వేయిస్తారు. మా అక్కయ్య కొత్త చింతపండు తీసి, మెంతిపొడి వేసి, మట్టిచట్టి లేదని విచారిస్తూ పులుసు పెట్టింది. వాలై మాంసం మెత్తన, కొరమేనులా పులుసుకు నిలవదు, ముక్క విడిపోయింది. ముసలాయనను భోజనానికి పిలిచాం. ఆయన ముక్కలన్నీ జాగ్రత్తగా పక్కకు పెట్టి, ఇది తను ఎరుగున్న చేపేనన్నాడు. పులుసు మాత్రం అన్నంలోకి మూడుసార్లు పోయించుకున్నాడు.