రాకడ, సిద్దె, మెలకువ: తెలుగు క్రైస్తవుల అంత్యదిన భావన

2010వ సంవత్సరము నవంబరు 15వ తేదీ రాత్రి, ఢిల్లీ నగరమున యమునకు తూర్పు దెసనున్న లక్ష్మీనగర్‌లో, లలితాపార్కు అను వాడయందు, బహుళాంతస్తుల భవనమొకటి కూలి అరువదిమందికి పైగా మరణించిరి. అందు పెక్కుమంది బీహారు, బెంగాలు ప్రాంతములనుండి పొట్టకూటికై వచ్చిన కూలివారు. ఇట్టి విపత్తు సంభవించినపుడెల్ల ‘ఇవి కడవరి దినముల గుర్తులు’ అను మాట క్రైస్తవులలో కొందరినోట వినవచ్చుచుండును. లూకా సువార్త 13వ అధ్యాయమున ఇంచుమించు ఇట్టి సంఘటనయే కలదు. సిలోయములో గోపురము కూలి 18 మంది చనిపోయిరి. వారు తక్కిన యెరూషలేము వాసులకంటె అపరాధులని తలపవలదని క్రీస్తు చెప్పి, వినుచున్నవారినే మారుమనస్సు పొందుడని హెచ్చరించెను. గుర్తులను లెక్కించుట వేరు, సిద్ధపడుట వేరు. ఈ రెండును తెలుగు క్రైస్తవులయందు ఎట్లు పెనగొనియున్నవో, అందు తెలుగు మాటల పాలు ఎంతయో విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

మొదట ‘రాకడ’ అను పదము. మత్తయి సువార్త 24వ అధ్యాయారంభమున శిష్యులడిగిన ప్రశ్నలో గ్రీకు మూలమున ‘పరౌసియా’ అను మాట యున్నది. సన్నిధియని, రాజు పట్టణమునకు విచ్చేయుటయని దాని కర్థము. వాడుకలోనున్న తెలుగు బైబిలునందు ఇది ‘రాకడ’ యైనది. ‘అవతారము’ అనియుండినచో వినువాని మనస్సు వెంటనే కల్కిమూర్తిపైకి పోయెడిది. ‘రాకడ’ యన్ననో, ‘పోకడ’ వలె అచ్చమైన ఇంటిమాట. అంతకంటె విశేషమేమనగా, ఈ పదము క్రైస్తవమునకు రాకమునుపే ఒక సామెతలో కుదురుకొనియున్నది. వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరి కెరుక? ఆ దినమును ఆ గడియయు దేవదూతలకైనను తెలియవను సువార్తబోధను మెట్టపొలపు రైతునకు వివరింపబూనిన ఉపదేశికి ఇంతకంటె ఏమి కావలెను?

అయితే అదే ప్రశ్నలో ‘యుగసమాప్తి’ అను మాటయు నున్నది. ఇది మరియొక లోకమును తలపించును. యుగములకు మనవారు లెక్కలు కట్టిరి. కలియుగమునకు 4,32,000 సంవత్సరములు. పోతులూరి వీరబ్రహ్మముగారి కాలజ్ఞానము వినుచు పెరిగిన పల్లెలకు రాబోవు వింతలను గుర్తుపట్టుట క్రొత్త విద్య కాదు. కావున ఒక్క వచనముననే లెక్కకందు మాటయు లెక్కకందని మాటయు ప్రక్కప్రక్కన నిలిచినవి. తరువాతి చరిత్ర యంతయు ఈ రెంటి పెనుగులాటయే యని మాకు తోచుచున్నది.

ఇక ‘సిద్దె’. మత్తయి 25వ అధ్యాయములోని పదిమంది కన్యకల కథలో అందరికిని దివిటీలున్నవి, అందరును కునికి నిద్రించిరి. భేదమెల్ల నూనెసిద్దెలయందే. సిద్దె యనగా నూనె, నేయి పోసికొను తోలుపాత్ర. నేటి చదువరులలో పలువురు దీనిని చూచియుండరు. ‘సిద్ధము’తో దీనికి వ్యుత్పత్తిసంబంధము గలదని చెప్పుట కష్టము గాని, చెవికి మాత్రము ఆ పొత్తు తప్పక వినిపించును. నాటి శ్రోతలలో తోలుపనియే జీవనోపాధిగా గలవారు వేలమంది. ఒంగోలు ప్రాంతమున అమెరికన్ బాప్టిస్టు సంఘమున చేరినవారిలో అధికసంఖ్యాకులు మాదిగలు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ 1899లో వారినిగూర్చి వ్రాసిన గ్రంథమునకు చెప్పులు కుట్టుచున్న వేళ యను అర్థమిచ్చు పేరే పెట్టినది. తమచేతులతో కుట్టిన వస్తువు పరలోకరాజ్యపు కథలో కనబడుట వారికి చిన్నవిషయమై యుండదు.

వారికి అంత్యకాలము గ్రంథములలోని మాటయు కాదు. 1876-78 నాటి కరువు వారి కనులయెదుట ఊళ్లకు ఊళ్లను తుడిచివేసెను. ఆ సమయమున జాన్ క్లఫ్ దొర బకింగుహాము కాలువ త్రవ్వకమున కూలి యిప్పించెనే కాని, అన్నమునకై మతము మారుదురను శంకతో బాప్తిస్మములను నిలిపివేసెను. పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినమే 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. భయమును సిద్ధపాటును ఒకటి కావని ఆ నిరీక్షణకాలము తెలుపుచున్నది.

సిద్ధాంతవిషయమున తెలుగు సంఘములు ఏకాభిప్రాయము గలవి కావు. 1836లో ఆంటొని నారిస్ గ్రోవ్స్‌తో కూడ వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అనువారు నర్సాపురమును కేంద్రముగా చేసికొని గోదావరి డెల్టాలో పనిచేసిరి. వీరు చెందిన బ్రదరెన్ శాఖయందు క్రీస్తు మునుముందు తన సంఘమును మేఘములలోనికి తీసికొనుననియు, పిదప మహాశ్రమల కాలమును, క్రీస్తువిరోధి యేలుబడియు కలుగుననియు, ఆపై వెయ్యేండ్ల పరిపాలన వచ్చుననియు ఒక క్రమము ప్రబలెను. నేడు మన ప్రార్థనకూటములలో వినబడు ‘ఎత్తబడుట’ అను మాట ఈ క్రమమునకు చెందినది. 1842లో హేయర్ పండితుడు గుంటూరున ఆరంభించిన లూథరన్ పరిచర్య నేపథ్యము వేరు. పునరుత్థానమునకు ముందే నీతిమంతులు లోకరాజ్యమును చేపట్టుదురను తలంపును 1530 నాటి ఆగ్స్‌బర్గు విశ్వాసప్రమాణము 17వ ప్రకరణము త్రోసిపుచ్చినది. విచిత్రమేమనగా ఆ లూథరన్ సంఘమునుండియే వెలువడి, ముంగమూరి దేవదాసుగారు 1938లో బైబిలు మిషనును నెలకొల్పి, రెండవ రాకడను తమ బోధకు ఆయువుపట్టుగా చేసికొనిరి. వారి భావనలో సంఘము పెండ్లికుమార్తె. సిద్ధపాటనగా ఆమె యలంకరణము.

తేదీలు కట్టినవారి యనుభవము మాత్రము ఎచ్చటనైనను ఒక్కటే. అమెరికాలో విలియం మిల్లరు అనుచరులు 1844 అక్టోబరు 22న ప్రభువు వచ్చునని యెదురుచూచి భగ్నహృదయులైరి. ఆ భంగపాటునుండి పుట్టిన అడ్వెంటిస్టు సంఘము మన నూజివీడున 1925లో గిఫర్డ్ స్మారక వైద్యశాలను నెలకొల్పినది. రాకడ సమీపమని పేరులోనే చాటుకొను సంఘము తరతరములు నిలువవలసిన ఆసుపత్రిని కట్టుట వైరుధ్యమని కొందరనవచ్చును. మాకట్లు తోచదు. థెస్సలొనీకయలో కొందరు పనిమాని తిరుగుచుండగా, పనిచేయనివానికి భోజనమును వలదని పౌలు వ్రాయవలసివచ్చినది. ఈ జ్వరము క్రైస్తవులకే పరిమితమనుకొనరాదు. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహకూటమి నాడు దేశమంతట హోమములు జరిగినవి, ఆ మూడుదినములును నిరపాయముగా గడచిపోయినవి.

మత్తయి 25వ అధ్యాయమును కడవరకు చదివినవారికి సిద్ధపాటుయొక్క స్వరూపము తెలియును. కన్యకల తరువాత తలాంతుల కథ, అనగా అప్పగించిన ధనమునకు లెక్కయొప్పజెప్పుట. దాని తరువాత తీర్పు. అచ్చట అడుగబడునవి గుర్తులు కావు, సంవత్సరములు కావు. ఆకలిగొన్నవానికి అన్నము, దప్పిగొన్నవానికి నీరు, పరదేశికి చోటు, రోగికిని చెరసాలలోనివానికిని పలకరింపు. ఉపన్యాసములందు కన్యకలకు లభించినంత కాలము ఈ మూడవ భాగమునకు లభింపకపోవుట శోచనీయము. పరదేశికి చోటు అను మాటను లలితాపార్కులోని యిరుకు గదుల ప్రక్కన నుంచి చదువవలసియున్నది.

లూకా సువార్తలో సిలోయము గోపురప్రసక్తి ముగిసిన వెంటనే ఒక అంజూరపు చెట్టు కథ వచ్చును. మూడేండ్లుగా కాయని చెట్టును నరికివేయుమని యజమానుడనగా, తోటమాలి ఇంకొక్క సంవత్సరము గడువడిగి, దానిచుట్టు త్రవ్వి ఎరువు వేయుదుననెను. మరుసటి యేడు ఆ చెట్టు కాచెనో లేదో కథ చెప్పదు.