రోగి ప్రక్కన నేర్చెడి విద్య

నాగార్జునసాగరు ఎడమ కాలువ నీటితో వరి పండించు త్రిపురారము మండలములో ఒక రైతుకు పక్షవాతము వచ్చినదనుకొందము. ప్రాణాపాయము తప్పినది, కాని కుడి చేయి, కాలు స్వాధీనములో లేవు. వానికి తిరిగి కదలిక నేర్పు శాస్త్రమే ఫిజియోథెరపీ, అనగా భౌతిక చికిత్స. హైదరాబాదులోని నిమ్స్ మొదలగు సంస్థలలో దీనిని బోధించుచున్నారు. ఇందులో తరగతి చదువుతోపాటు ఆసుపత్రిలో శిక్షణ కూడ తప్పనిసరి.

తరగతిలో నేర్చినది ఏల చాలదు? భుజపు కీలులో ఎముక యొక్క గుండ్రని తల లోతు తక్కువైన గుంటలో ఇమిడియుండును. అది జారకుండ పట్టియుంచుటలో చుట్టునున్న కండరములకు ముఖ్యమైన పాత్ర కలదు. పక్షవాతములో వాటి పట్టు సడలును. అప్పుడు రోగిని లేపుటకు ఆ చేయి పట్టి లాగినచో కీలు దెబ్బతిని, చాలకాలము బాధించవచ్చును. ఈ సంగతి పుస్తకములో చదివిన విద్యార్థికి కూడ, బరువైన మనిషిని లేపునప్పుడు తన చేతుల నెక్కడ ఉంచవలెనో ఒకరు చూపినగాని తెలియదు.

మంచి బోధన యెట్లుండవలెనని వివిధ దేశములలో ఫిజియోథెరపీ విద్యార్థులను ప్రశ్నించిరి. వారి సమాధానములలో కొన్ని విషయములు తరచు కనబడును. గురువు స్వయముగా చేసి చూపి, కారణము చెప్పవలెను. దగ్గర నిలిచి తమచేత చేయింపవలెను. తప్పొప్పులను వెంటనే, స్పష్టముగా తెలుపవలెను. కాని రోగి యెదుట అవమానింపరాదు. సందేహ మడుగుటకు భయపడవలసిన పని యుండరాదు.

ఇవి విద్యార్థులు తమ సుఖము కొరకు కోరిన కోరికలని కొట్టివేయరాదు. మోకాళ్ళ నొప్పితో ఒక వ్యవసాయ కూలీ వచ్చినదనుకొందము. ఆరోగ్యవంతుని మోకాలు సుమారు 135 డిగ్రీల వరకు వంగును. కొలుచు పరికరమును ఎముకల వరుసకు సరిగా ఆనించనిచో, 90 డిగ్రీల వంపు 100గా కనబడవచ్చును. ఆ తప్పును అప్పుడే దిద్దనిచో విద్యార్థి లేని మెరుగును ఉన్నదని వ్రాయును. గద్దించు గురువు దగ్గర తన అనుమానమును దాచుకొనును. నష్టపోవునది ఆ కూలీ.

రోగుల రద్దీలో బోధనకు తీరిక చిక్కుట కష్టమే. అయినను రోగి అనుమతితో ఒక పరీక్ష చేయించి, తరువాత ప్రక్కకు పిలిచి, "ఏమి గమనించితివి? ఎందువలన? ఇక ఏమి చేయుదువు?" అని అడుగుటకు పది నిమిషములు చాలును. ఈ వృత్తుల ప్రమాణములకై 2021లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. ఆ ప్రమాణములు రోగికి ఉపకరింపవలెనన్నచో, ఈ పది నిమిషములకు కూడ దినచర్యలో చోటు కల్పింపవలెను.