లిమిటర్ తీసేయ్ బాబాయ్!

ఆదివారం పొద్దున్నే మా షాపు ముందు బండి ఆపి, న్యూట్రల్‌లోనే పట్టి రైజ్ చేశాడు కుర్రాడు. కేటీఎం 390 డ్యూక్. టట్ టట్ టట్ మంటూ ఒకచోట గొంతు పట్టేసింది.

"ఇదే బాబాయ్ గోల. ఈ లిమిటర్ తీసేయ్. వండూర్ రోడ్డు మీద దీని సంగతేంటో చూడాలి."

వీడి తాత, మా నాన్న ఒకే ఓడలో విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చారు. (ఊరి పేరు ఇప్పుడు శ్రీ విజయపురం. నా నోరు ఇంకా తిరగలేదు.) వీడిని కసిరి పంపలేను. స్టూలు వేసి కూర్చోబెట్టాను.

రెవ్ లిమిటర్ అంటే విడిగా బిగించిన తాళం కాదు. ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ)లో రాసిపెట్టిన ఒక అంకె. క్రాంకు ఆ అంకె దాటబోతే ప్లగ్గుకి నిప్పునో, ఇంజెక్టర్‌కి పెట్రోలునో క్షణం పాటు ఆపుతుంది, తగ్గగానే మళ్లీ ఇస్తుంది. ఆ టట్ టట్ అదే.

నిమిషానికి 9,000 చుట్లంటే సెకనుకు 150. చుట్టుకి రెండుసార్లు పిస్టన్ ఆగి వెనక్కి తిరగాలి. సెకనుకు 300 సార్లన్నమాట. కనెక్టింగ్ రాడ్ మీద పడే లాగుడు చుట్ల వర్గంతో పెరుగుతుంది. 10,000 నుంచి 11,000కి పోతే చుట్లు 10 శాతమే ఎక్కువ, లాగుడు మాత్రం 21 శాతం ఎక్కువ. వాల్వుని మూయాల్సింది స్ప్రింగు. అది అందుకోలేకపోతే వాల్వు తేలిపోయి పిస్టన్‌కి తగులుతుంది. డుకాటీ వాళ్లు డెస్మో ఇంజిన్లలో వాల్వుని మూయడానికీ ఒక రాకర్ పెట్టింది ఈ బాధ పడలేకే.

"మరి మీ బుల్లెట్లు 6,000కే ఆయాసపడతాయే?"

కాగితం తీశాను. బుల్లెట్ల వంశపు క్లాసిక్ 350లో స్ట్రోకు 85.8 మిల్లీమీటర్లు, పూర్తి పవర్ 6,100 దగ్గర. వీడి 373 సీసీ ఇంజిన్‌లో స్ట్రోకు 60, పవర్ 9,000 దగ్గర. లెక్క కడితే పిస్టన్ సగటు వేగం దానిది సెకనుకు పదిహేడున్నర మీటర్లు, దీనిది 18. పెద్దగా తేడా లేదు! ఒకటి బారలు చాచి నడుస్తుంది, ఇంకొకటి గబగబా పొట్టి అడుగులు వేస్తుంది. కవాసకీ జెడ్‌ఎక్స్-25ఆర్‌లో స్ట్రోకు 31.8 మాత్రమే, అందుకే 15,500 దగ్గర కూడా హాయిగా పాడుతుంది.

ఇంకో సంగతి. పవర్ శిఖరం దాటాకే లిమిటర్ వస్తుంది. అక్కడ సిలిండర్ నిండడానికి గాలికే టైము చాలదు. లిమిటర్ తీస్తే దొరికేది చప్పుడే.

పైగా అది అన్నిటినీ కాయలేదు. కుర్రతనంలో వండూర్ దిగుడులో నాలుగు నుంచి మూడనుకుని రెండో గేరులో పడేశాను. వెనక చక్రమే ఇంజిన్‌ని తిప్పేసింది. లిమిటర్ నిప్పు ఆపగలదు గానీ చక్రాన్ని ఆపలేదు కదా. వాల్వులు వంగాయి. బండి సామాన్ల ఆటోలో ఊరు చేరింది.

ల్యాప్‌టాప్ పెట్టి ఈసీయూలోని లెక్కలు, అంటే మ్యాప్, మార్చేవాళ్లున్నారు. ఫిల్టరూ సైలెన్సరూ మార్చిన బండికి పెట్రోలు లెక్క, ప్లగ్గు టైమింగు సరిచేస్తే మధ్య చుట్లలో తేడా నిజంగానే తెలుస్తుంది. మన మామూలు పెట్రోలుకి టైమింగు మరీ ముందుకు జరిపితే మాత్రం నాకింగ్ మొదలవుతుంది. వీడి బండికి అవేవీ అక్కర్లేదు. ఉప్పు గాలికి పచ్చబడ్డ కనెక్టర్లు తుడిచాను. ముందు స్ప్రాకెట్ 15 పళ్లది తీసి 14 వేశాను. లాగుడు ఏడు శాతం పెరుగుతుంది, ఆ మేరకు పై స్పీడు పోతుంది. వండూర్ జెట్టీ దాకా ఆ పాతిక కిలోమీటర్ల మలుపుల్లో పై స్పీడు ఎవడిక్కావాలి?

సాయంత్రం తిరిగొచ్చాడు. మొహంలో సంతోషం, గొంతులో ఫిర్యాదు.

"పికప్ అదిరింది బాబాయ్. కానీ లిమిటర్ ఇంకా తొందరగా కొడుతోంది."

"గేరు మార్చరా."