జవాబు సరే, ఏ ప్రమాణంలో?
పదో తరగతి చదివే మీ పాప ఎక్సెల్‌లో సైన్ 30 కట్టి చూస్తే 0.5 రాదు, మైనస్ 0.988 వస్తుంది. పాప చదివింది తప్పేమీ కాదు. ఎక్సెల్ కోణాన్ని రేడియన్లలోనే తీసుకుంటుంది. డిగ్రీలను ముందుగా ‘రేడియన్స్’ ఫంక్షన్‌తో మార్చాలి. ఇది తెలియక, వచ్చిన జవాబునే కొట్టేసుకునే పిల్లలున్నారు.

పొడవుల దగ్గర పొరపాటు మాత్రం మన ఇంటి అలవాటే. 5 అడుగుల 6 అంగుళాలను 5.6 అని రాసేస్తాం. అడుగుకు 12 అంగుళాలు కదా, అది 5.5. ‘కన్వర్ట్’ ఫంక్షన్‌కు 5.5 అడుగులు ఇస్తే 167.64 సెంటీమీటర్లు; 5.6 ఇస్తే దాదాపు 170.7. కూర్చున్నచోటే మూడు సెంటీమీటర్లు పెరిగిపోతాం! సాఫ్ట్‌వేర్ అడ్డు చెప్పదు, గడిలో దానికి కనిపించేది అంకె ఒక్కటే. అందుకే ప్రతి నిలువు వరుస పైన ‘అడుగులు’, ‘సెం.మీ.’, ‘డిగ్రీలు’ అని ముందే రాయించండి.