బరువు తగ్గిన తరువాత వదులు చర్మం

శరీరపు బరువు తక్కువ కాలంలో ఎక్కువగా తగ్గినపుడు, కొవ్వు కరిగినంత త్వరగా చర్మం కుంచించుకోలేక సడలి వేలాడటాన్ని వదులు చర్మం అంటారు. ఇది వ్యాధి కాదు. అయితే మడతలలో పుండ్లు పడటం, నడకకు అడ్డు రావడం, నలుగురిలోకి వెళ్ళడానికి సంకోచించడం వంటి ఇబ్బందులు దీని వలన కలుగుతాయి. స్థూలకాయానికి వాడే కొత్త సూదిమందుల వాడకం పెరిగిన తరువాత ఈ సమస్య గురించి చర్చ కూడా పెరిగింది.

నేపథ్యం

సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ అనేవి మొదట మధుమేహ చికిత్సకు వచ్చిన మందులు. ఇవి ఆకలిని తగ్గిస్తాయి; ఆహారం జీర్ణాశయం నుండి ముందుకు కదలడాన్ని నెమ్మదింపజేస్తాయి. అమెరికాలో బరువు తగ్గించే చికిత్సకై వెగోవీ పేరుతో సెమాగ్లుటైడ్‌కు 2021లో, జెప్‌బౌండ్ పేరుతో టిర్జెపటైడ్‌కు 2023లో అనుమతి లభించింది. భారతదేశంలో టిర్జెపటైడ్ మౌంజారో పేరుతో 2025 మార్చిలోను, వెగోవీ అదే సంవత్సరం జూన్‌లోను విడుదలయ్యాయి.

2021లో ప్రచురితమైన స్టెప్-1 పరీక్షలో, సెమాగ్లుటైడ్ వాడినవారి బరువు 68 వారాలలో సగటున 14.9 శాతం తగ్గింది. 2022లో ప్రచురితమైన సర్‌మౌంట్-1 పరీక్షలో, టిర్జెపటైడ్ 15 మిల్లీగ్రాముల మోతాదు వాడినవారిలో 72 వారాలలో సగటు తగ్గుదల 20.9 శాతం. అనగా 100 కిలోలున్న వ్యక్తి సుమారు ఏడాదిన్నరలో 15 నుండి 21 కిలోలు తగ్గవచ్చును.

కారణాలు

చర్మంలోని లోపలి పొరకు బలాన్నిచ్చేది కొల్లాజెన్, సాగి తిరిగి యథాస్థితికి వచ్చే గుణాన్నిచ్చేది ఎలాస్టిన్. ఎలాస్టిన్ పోగులు చాలావరకు పుట్టుకకు ముందు, బాల్యంలోనే తయారవుతాయి. తరువాత కొత్తవి ఏర్పడటం బహు స్వల్పం. ఏళ్ళ తరబడి కొవ్వు వలన సాగి ఉన్న చర్మంలో ఈ పోగులు దెబ్బతింటాయి. ఎక్కువకాలం ఊదిన బుడగలోంచి గాలి తీసివేస్తే అది ముడతలు పడినట్లే, కొవ్వు తగ్గిన చోట చర్మం వదులవుతుంది.

బేరియాట్రిక్ శస్త్రచికిత్సతో బాగా బరువు తగ్గినవారిలోనూ ఇదే స్థితి కనిపిస్తుంది. కనుక దీనికి ప్రధాన కారణం బరువు ఎంత, ఎంత వేగంగా తగ్గిందన్నదే. వయసు, స్థూలకాయం ఎన్నేళ్ళు ఉన్నది, పొగత్రాగడం, ఎండ తాకిడి, గర్భధారణలు, వంశపారంపర్య లక్షణాలు కూడా ప్రభావం చూపుతాయి.

కొవ్వుతోపాటు కండ తగ్గడం మరొక కారణం. ఈ మందులతో తగ్గే బరువులో దాదాపు నాలుగో వంతు నుండి ఐదింట రెండు వంతుల వరకు కొవ్వు కాని భాగం ఉంటుందని పరీక్షలలో తేలింది. కింద కండ కూడా తగ్గినపుడు చర్మం మరింత వదులుగా కనిపిస్తుంది.

కనిపించే భాగాలు

పొట్ట, పైచేతులు, తొడల లోపలి భాగం, రొమ్ములు, మెడ, ముఖం ప్రధానమైనవి. చెంపలు పీక్కుపోవడంతో మనిషి జబ్బుపడినట్లు కనిపించవచ్చును. బంధుమిత్రులు "ఏమిటి, ఇలా చిక్కిపోయారు?" అని అడగడంతో కొందరు మనసు కష్టపెట్టుకొని మందు మానివేస్తారు. దీని పర్యవసానం చివరి భాగంలో వివరించబడినది.

తగ్గించుకొనే మార్గాలు

వదులు చర్మాన్ని పూర్తిగా నివారించే పద్ధతి లేదు. దాని తీవ్రతను తగ్గించే మార్గాలు మాత్రం ఉన్నాయి.

* మోతాదు: సెమాగ్లుటైడ్ వారానికి 0.25 మిల్లీగ్రాములతో ప్రారంభించి, సాధారణంగా నాలుగు వారాలకొకసారి పెంచుతారు. త్వరగా తగ్గాలని మోతాదును సొంతంగా పెంచుకోరాదు. బరువు మరీ వేగంగా తగ్గుతుంటే వైద్యునికి చెప్పాలి.
* మాంసకృత్తులు: ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించింది. బరువు తగ్గే కాలంలో కండను కాపాడటానికి 1.2 గ్రాములు, ఆపైన అవసరమని పలువురు నిపుణుల అభిప్రాయం. 70 కిలోల వ్యక్తికి ఇది రోజుకు 84 గ్రాములు. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 గ్రాముల పచ్చి కందిపప్పులో సుమారు 22 గ్రాములు ఉంటాయి. మందు వలన ఆకలి తగ్గి నాలుగు ముద్దలకే కడుపు నిండుతుంది కాబట్టి అన్నం కంటే ముందు పప్పు, గుడ్డు, చేప, పెరుగు వంటివి తినడం మేలు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగకుండా మాంసకృత్తులు పెంచరాదు.
* వ్యాయామం: కండను నిలపడానికి నడక ఒక్కటే చాలదు. గుంజీలు తీయడం, గోడకు చేతులానించి ఒంటిని ముందుకు వెనుకకు నెట్టడం, బరువులెత్తడం వంటివి వారానికి కనీసం రెండు రోజులు చేయాలి. వీటివలన చర్మం బిగుసుకోదు. దాని కింద కండ నిండుగా ఉంటుంది.
* పొగత్రాగడం మానడం, ఎండ నుండి చర్మాన్ని కాపాడుకోవడం.

మడతల సంరక్షణ

పొట్ట కింద, రొమ్ముల కింద, గజ్జలలో చర్మం ఒరుసుకొని, చెమట నిలిచి ఎర్రబడుతుంది. ఆ తడిలో శిలీంధ్రాలు పెరిగి దురద, దుర్వాసన, పుండ్లు కలుగుతాయి. వేసవిలోను, మధుమేహం ఉన్నవారిలోను ఇది ఎక్కువ. రోజూ కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టి, వదులైన నూలు బట్టలు ధరించాలి. మందుల దుకాణంలో అడిగి కొనే స్టీరాయిడ్ కలిపిన పూతమందులు మొదట దురద తగ్గించినా, శిలీంధ్ర వ్యాధిని ముదరబెట్టి చర్మాన్ని పలుచన చేస్తాయి. వీటికి బదులు చర్మవ్యాధి నిపుణుని సంప్రదించాలి.

పూతమందులు, యంత్ర చికిత్సలు

తేమనిచ్చే పూతలు చర్మాన్ని మృదువుగా ఉంచుతాయి గాని, వేలాడే మడతను పైకి లాగలేవు. రెటినాయిడ్ పూతలు సన్నని ముడతలను కొంత తగ్గించగలవు. గర్భిణులు వీటిని వాడరాదు. రేడియో తరంగాలు, అల్ట్రాసౌండ్‌తో చర్మాన్ని వేడిచేసే చికిత్సలు స్వల్పమైన సడలింపుకు కొంతవరకు ఉపకరిస్తాయి. పెద్ద మడతలకు వీటిపై డబ్బు వెచ్చించడం వలన ప్రయోజనం తక్కువ.

శస్త్రచికిత్స

పెద్ద మడతలను తొలగించగలిగేది శస్త్రచికిత్స ఒక్కటే. పొట్ట మీద వేలాడే చర్మాన్ని మాత్రమే కోసి తీయడాన్ని పానిక్యులెక్టమీ అని, కండరాలను కూడా బిగించి కుట్టడాన్ని ఎబ్డోమినోప్లాస్టీ అని, పైచేతికి చేసేదానిని బ్రాకియోప్లాస్టీ అని అంటారు.

సాధారణంగా బరువు మూడు నుండి ఆరు నెలలపాటు నిలకడగా ఉన్న తరువాతనే ఈ శస్త్రచికిత్స చేస్తారు. ముందే చేస్తే, బరువు ఇంకా తగ్గి చర్మం మళ్ళీ వదులు కావచ్చును. గాయం మానడానికి మాంసకృత్తులు, ఇనుము తగినంత ఉండాలి. పొగత్రాగడం కొన్ని వారాల ముందే మానాలి. పొడవైన మచ్చలు, గాయంలో నీరు చేరడం, చీము పట్టడం, కాలి సిరలలో రక్తం గడ్డకట్టడం దీనిలోని ప్రమాదాలు.

ఈ సూదిమందులు వాడేవారు ఆ విషయాన్ని మత్తుమందు వైద్యునికి తప్పక చెప్పాలి. జీర్ణాశయంలో ఆహారం మిగిలి ఉంటే మత్తులో ఉన్నపుడు అది ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉన్నది. మందును ఎప్పుడు ఆపాలో, ఆపవలసిన అవసరం ఉన్నదో లేదో వైద్యులే నిర్ణయిస్తారు.

భారతదేశంలో ఆరోగ్య బీమా సాధారణంగా సౌందర్య చికిత్సలకు వర్తించదు. మడతలలో పదేపదే పుండ్లు పడుతున్నట్లయితే ఆ వైద్య పత్రాలను భద్రపరచుకోవడం మంచిది.

మందు మానివేస్తే

చర్మం సడలుతున్నదని మందును హఠాత్తుగా మానడం వలన చర్మం బిగుసుకోదు. స్టెప్-1 పరీక్షకు కొనసాగింపుగా 2022లో వెలువడిన ఫలితాల ప్రకారం, మందు ఆపిన ఏడాదిలో అందులోనివారు తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి పెరిగారు. బరువు పెరిగితే చర్మం మళ్ళీ సాగుతుంది, తగ్గితే మళ్ళీ వదులవుతుంది. రక్తపోటు, రక్తంలో చక్కెర విషయంలో పొందిన మేలు కూడా తగ్గిపోతుంది. బరువు నిలకడపడిన తరువాత చర్మం కొన్ని నెలలపాటు కొంత కుదించుకుంటుంది. అందుచేత మోతాదు తగ్గించడం గాని, మందు ఆపడం గాని వైద్యునితో చర్చించి, ఆహార వ్యాయామాలను కొనసాగిస్తూ చేయవలసిన పని.

ఇవి కూడా చూడండి

* స్థూలకాయం
* మధుమేహం
* చర్మం
* కొల్లాజెన్