అంబాసిడర్‌కి అయిదో గేరు అవసరమా?

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఊరగాయల గురించో, పిల్లల చదువుల గురించో మాట్లాడుకునే వేళ గేర్ల సంగతి చెబుతానంటే మీకు నవ్వు రావచ్చు. కాని చూడండి, బండి తోలేది మగవారైనా దాని మీద పెట్టే డబ్బు ఇంటిదే కదా! పాపాయి కాలేజీ ఫీజూ అందులోంచే, అత్తగారి మందులూ అందులోంచే. అందుకని ఈ విషయం మనకీ కాస్త తెలిసి వుండాలి.

మన విశాఖపట్నంలో ఉక్కు ఫ్యాక్టరీలోనో, పోర్టులోనో, షిప్‌యార్డులోనో ఉద్యోగం చేసి రిటైరైన వారి ఇళ్ళ ముందు పాత డీజిలు అంబాసిడర్లు ఇంకా అక్కడక్కడ కనిపిస్తాయి. బెంగాల్లోని ఉత్తరపారాలో వీటి తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా ఆ బండి మీద మమకారం పోదు. అలాంటి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుంది: "నాలుగు గేర్ల పెట్టె తీసేసి అయిదు గేర్లది వేయించేస్తే బోలెడు డీజిలు ఆదా, బండి కొత్తదాన్లా పరుగెడుతుంది!" 1990 తర్వాత ఇసుజు ఇంజనుతో వచ్చిన అంబాసిడర్లకి అయిదు గేర్లు, నేల మీద గేరు కర్ర వుండేవి. వాటిని చూసి పుట్టిన ఆశ ఇది. మరి ఇందులో నిజమెంత?

ముందు గేరంటే ఏమిటో చూద్దాం. మన కుట్టుమిషనే తీసుకోండి. కింద పెద్ద చక్రం, పైన చిన్న చక్రం. పెద్దది ఒకసారి తిరిగితే చిన్నది చాలాసార్లు తిరుగుతుంది. వేగం వస్తుంది గాని బలం తగ్గుతుంది. అందుకే మందపాటి గుడ్డ కుట్టేటప్పుడు కాళ్ళు లాగుతాయి. దీన్ని తిరగేసి చూడండి. చిన్న చక్రం పెద్ద చక్రాన్ని తిప్పితే వేగం తగ్గి బలం పెరుగుతుంది. అదే ఫస్టు గేరు. బండి కదలడానికి, మెరక ఎక్కడానికి బలం కావాలి గనక ఆ గేరు. సెకండు, థర్డు వేస్తున్నకొద్దీ బలం తగ్గుతూ వేగం పెరుగుతుంది. పాత అంబాసిడర్ నాలుగో గేరులో ఇంజను ఒక చుట్టు తిరిగితే పెట్టె వెనక షాఫ్టూ ఒక చుట్టే తిరుగుతుంది. అయిదో గేరులోనేమో ఇంజను ఒక చుట్టు పూర్తికాకుండానే షాఫ్టు ఒక చుట్టు తిరిగేస్తుంది. ఇంజను నిదానంగా తిరుగుతుంది, బండి మాత్రం అదే వేగంతో పోతుంది. నాలుగో గేరులో నిమిషానికి 2,500 చుట్లు తిరిగే ఇంజను, అయిదోది నూటికి పదిహేను వంతులు తేలికైనదైతే, అదే వేగానికి సుమారు 2,100 చుట్లు తిరిగితే చాలు. రొద తగ్గుతుంది, కొంత డీజిలూ మిగులుతుంది. ఇంతవరకూ మెకానిక్కు చెప్పేది నిజమే.

అయితే గేరు పెట్టె కొత్త బలాన్ని పుట్టించదమ్మా! ఇంజనులో వున్న బలాన్ని పనికి తగ్గట్టు పంచుతుంది, అంతే. మన పోర్టుకొచ్చే పెద్ద ఓడలు చాలావాటిలో గేరు పెట్టే వుండదు. ఇంజను నెమ్మదిగా తిరుగుతూ ప్రొపెల్లరును నేరుగా తిప్పుతుంది. అదే ఫిషింగ్ హార్బరులోని మరబోటుకి, ఇంజను చిన్నది, వేగంగా తిరిగేది కనక, గేరు పెట్టె కావాలి. పాత డీజిలు అంబాసిడర్ ఇంజను 1489 సి.సి.ది. దాని బలం 40 హార్సుపవరుకి లోపే. అయిదుగురు కూర్చుని, డిక్కీలో సామాను పెట్టుకుని, ఎదురుగాలిలో వెడుతుంటే అయిదో గేరులో అది లాగలేక మూలుగుతుంది. డ్రైవరు మళ్ళీ నాలుగుకి దిగక తప్పదు.

ఇప్పుడు మీ బండి ఎక్కడెక్కడ తిరుగుతుందో ఒకసారి లెక్క వేసుకోండి. జగదాంబ జంక్షను, ఎన్.ఎ.డి. కొత్తరోడ్డు, గాజువాక – ఇక్కడ అయిదో గేరు వేసే సందే దొరకదు. శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా అరకు వెళ్ళే ఘాటు రోడ్డులోనూ, సింహాచలం కొండ మీదా సెకండు, థర్డు గేర్లే దిక్కు. దిగేటప్పుడు కూడా ఎక్కిన గేరులోనే దిగాలని పెద్దలు చెబుతారు, బ్రేకులు వేడెక్కిపోకుండా. ఇక మిగిలింది హైవే. అనకాపల్లి, తుని మీదుగా రాజమండ్రి దాకా పదహారో నంబరు జాతీయ రహదారి మీద నెలనెలా వెళ్ళేవారికి మాత్రమే అయిదో గేరు నిజంగా అక్కరకొస్తుంది.

సరే, పద్దు రాద్దాం. ఏడాదికి 6,000 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. లీటరుకి 12 కిలోమీటర్లు ఇస్తే 500 లీటర్లు. అందులో సగం హైవే అనుకున్నా 250 లీటర్లు. దాని మీద నూటికి పది వంతులు ఆదా అని ఉదారంగానే వేసుకుందాం – 25 లీటర్లు. లీటరు 100 రూపాయల లెక్కన ఏడాదికి 2,500 రూపాయలు. పెట్టెకీ, కూలికీ కలిపి 40,000 అడిగారనుకోండి, ఆ డబ్బు తిరిగిరావడానికి 16 ఏళ్ళు! మీ అంకెలు వేరుగా వుండవచ్చు. వాటిని ఇదే వరసలో వేసి చూడండి, జవాబు మీకే తెలుస్తుంది.

"అదికాదు, ఇప్పుడున్న పెట్టె పాడైపోయింది" అంటారా? అయితే ఎక్కడ పాడైందో తెలుసుకోవాలి. స్టీరింగు పక్కన గేరు కర్ర వదులుగా వూగుతుంటే చాలాసార్లు అరిగింది పెట్టె కాదు, మధ్యనున్న కడ్డీలూ బుష్షులూ. అన్ని గేర్లూ వేసేటప్పుడు గరగరమంటే క్లచ్చి పూర్తిగా విడవడం లేదేమో చూడమనండి. బండి పూర్తిగా ఆగకుండా ఫస్టు గేరు వేస్తే పాత పెట్టె అరవడం సహజమే, దానికి రోగం లేదు. న్యూట్రల్లో రొద వచ్చి, క్లచ్చి తొక్కగానే ఆగిపోతే పెట్టెలో బేరింగు అనుమానించాలి. పోతూ పోతూ గేరు దానంతటదే జారిపోతుంటే మాత్రం లోపల అరుగుదల వున్నట్టే, విప్పి చూడవలసిందే. ఈ మరమ్మతుల్లో చాలావాటికి మొత్తం పెట్టె మార్చే ఖర్చులో కొద్ది భాగం చాలు.

ఒకవేళ మార్చాలనే నిశ్చయించుకుంటే కొన్ని ప్రశ్నలు అడగండి. ఆ పెట్టె మన ఇంజను వెనక సరిగ్గా బిగుస్తుందా? క్లచ్చి ప్లేటు సరిపోతుందా? వెనక్కి వెళ్ళే ప్రొపెల్లరు షాఫ్టు పొడవు కోసి మార్చాలా? స్పీడోమీటరు సరైన వేగం చూపుతుందా? నేలలో గేరు కర్రకి కంత కోస్తారు కదా, మన సముద్రపు గాలికి అడుగు రేకు ఎంత తుప్పు పట్టిందో ముందు చూశారా? "అన్నీ సెట్ చేసేస్తానమ్మా" అంటే చాలదు. ఏ సామాను ఎంతో, కూలి ఎంతో కాగితం మీద రాయించుకోండి.

ఇంకో సంగతి మగవారికి తట్టదు. స్టీరింగు పక్కన గేరున్న బండిలో ముందు సీటు ఒకటే బెంచీ. అలవాటుగా ముగ్గురు సర్దుకుంటారు. గేరు కర్ర నేల మీదికొస్తే ఆ మధ్య చోటు పోతుంది. మధ్యన ఇరుక్కుని కూర్చోవడం క్షేమం కాదు గనక నేనైతే దీనికి విచారించను. కాని పండక్కి ఇంటిల్లిపాదీ ఒకే బండిలో వెళ్ళే అలవాటుంటే ముందే అనుకోవడం మంచిది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట. అయిదో గేరు వచ్చాక చెయ్యి ఊరుకోదు, వేగం పెరుగుతుంది. బ్రేకులు మాత్రం ఆ పాతవే! నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే వున్న బండి అయితే చేతిలో వున్న డబ్బు ముందు బ్రేకులకీ, టైర్లకీ, సీటు బెల్టులకీ ఖర్చు పెట్టండి. పరుగెత్తడం ఎప్పుడైనా నేర్పవచ్చు, ఆగడం ముందు రావాలి.

చట్టం సంగతీ చూసుకోండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళు. తర్వాత తనిఖీ చేయించి అయిదేసి ఏళ్ళకి పొడిగించుకోవాలి. ఇంజను మార్చినా, ఆర్.సి. పుస్తకంలోని వివరాలకి తేడా వచ్చే మార్పు ఏది చేసినా ముందు అనుమతి తీసుకోవాలి. గేరు పెట్టె విషయంలోనూ పని మొదలుపెట్టక ముందే రవాణా శాఖ ఆఫీసులో అడిగి రావడం మేలు. రేపు తనిఖీలో బండి నెగ్గకపోతే కొత్త పెట్టె ఎవరికి?

కనక నెలనెలా హైవే మీద దూరాలు పోయేవారు, బండి ఒళ్ళు గట్టిగా వున్నవారు, బ్రేకులు బాగుచేయించుకున్నవారు, పాత పెట్టె నిజంగా చివరికొచ్చినవారు వేయించుకోవచ్చు. ఊళ్ళో కూరలకీ, గుడికీ, ఆసుపత్రికీ తిరిగేవారికి ఉన్న నాలుగు గేర్లూ చాలు. తాతగారి బండి మీద ప్రేమతో చేయిస్తామంటారా, కాదనను. ప్రేమకి పెట్టిన ఖర్చుని ప్రేమ కిందే రాసుకోండి, డీజిలు ఆదా కింద రాయకండి.

ఈసారి ఇంట్లో ఈ మాట వస్తే వంటింట్లోంచే వింటూ ఊరుకోకండి. కాగితం, కలం పట్టుకుని వచ్చి కూర్చోండి. "ఏడాదికి ఎన్ని కిలోమీటర్లండీ?" అని ఒక్క ప్రశ్న వేయండి. సగం తగువు అక్కడే తేలిపోతుంది.